పై అంతస్తులో ముందు సీటు

పోయిన వారం ఒడెట్ ప్రైస్ మా లాండ్రీ కొట్టులోకి పరుగున వచ్చి, "నోరీన్! వాడే వస్తున్నాడట, స్వయంగా వాడే!" అనడం దగ్గర ఆపాను. మధ్యలో వారం గడిచింది కాబట్టి ఎక్కడున్నామో మళ్లీ నాలుగు మాటల్లో చెబుతాను. కొత్తగా చేరినవాళ్లు కూడా వినండి.

మా టానర్స్ రైజ్ గుట్టకి పైకీ కిందకీ ఒక్కటే బస్సు రూటు, రెండంతస్తుల బస్సులు. మేం దాన్ని కొండ బస్సు అంటాం. గుట్ట మీద బిస్కెట్ల ఫ్యాక్టరీ పడగొట్టిన చోట మూడేళ్ల కిందట ఆర్చర్డ్ కోర్ట్ అని పెద్ద పెద్ద ఇళ్ల బ్లాకులు లేపారు. కార్లు లేని ఇళ్లు అవి. అక్కడ కాపురం ఉండేవాళ్లు కారు పెట్టుకోకూడదు. మొండికేసి కొన్నా వీధిలో నిలుపుకోవడానికి బరో వాళ్లు, అంటే మా మునిసిపాలిటీ, పర్మిట్ ఇవ్వరు. గాలి బాగుంటుంది, గడప దాటితే బస్సు అని ఊరించి అమ్మారు. జనం వచ్చారు. వాళ్ల పిల్లలొచ్చారు, పిల్లల్ని తోసే బళ్లొచ్చాయి. బస్సులు మాత్రం ఒక్కటి కూడా పెరగలేదు. కొండ బస్సు పొద్దుటిపూట సగం ఖాళీగా పోతోంది, ఇంకెంతమంది వచ్చినా పడతారు అని ఒక పెద్దమనిషి కట్టడానికి ముందే లెక్క తేల్చి పెట్టాడు మరి. ఆయన పేరు ఫెర్గస్ కినైర్డ్.

ఒడెట్ మొగుడు రూఫస్ ఆ కొండ బస్సునే ఇరవై ఏళ్లు నడిపాడు. వెన్నులో గడ్డ తీశాక నడుం కింద చచ్చుబడిపోయింది. ఆస్పత్రిలో వ్యాయామం చేయిస్తూ పోతే కర్రల ఊతంతో నిలబడగలడని డాక్టర్లు గట్టిగానే చెప్పారు. వెళ్లాలంటే బస్సెక్కాలి కదా. బస్సుకి చక్రాల కుర్చీ చోటు ఒక్కటే, అందులో ఎప్పుడూ పిల్లల బండో, నిలబడ్డ జనమో. క్లాసుకి మూడుసార్లు రాలేదని ఆస్పత్రి వాళ్లు రూఫస్ పేరు కొట్టేశారు. మీ బండి పంపండయ్యా అంటే, మీ ఇల్లు బస్సు దారి మీదే ఉంది కదా అన్నారు. ఇప్పుడు ఆర్చర్డ్ కోర్ట్ కట్టినవాళ్లు ఇంకో నాలుగు బ్లాకులు కడతామంటున్నారు, అవీ కార్లు లేనివే. లెక్కలు కూడా ఆ పాతవే. గురువారం సాయంత్రం చర్చి హాల్లో సభ. ఒడెట్ వస్తున్నాడన్నది ఆ కినైర్డే.

ఇదీ సంగతి. ఇక గురువారం పొద్దున్నకి రండి.

ఆ రోజు ఒడెట్ రూఫస్‌ని తోసుకుంటూ బస్‌స్టాపుకి వచ్చింది. ఆస్పత్రికి వెళ్లి, మనిషిని ఎదురుగా చూపించి, పేరు మళ్లీ రాసుకోమని బతిమాలుకుందామని. కొట్టు షట్టరు సగం ఎత్తి నేనూ చూస్తున్నాను. చినుకులు పడుతున్నాయి. మొదటి బస్సు ఆగనేలేదు. రెండోది ఆగింది, తలుపులు తెరుచుకున్నాయి, లోపలి జనం ఊపిరి బిగబట్టి మా వంక చూశారు.

డ్రైవరు కుర్రాడు అద్దంలోంచి చెయ్యి ఊపాడు. "చోటు లేదండీ. వెనకే ఇంకోటి వస్తోంది."

వెనక రోడ్డు చివరిదాకా ఏమీ లేదు. ఈ మాట అనని డ్రైవరు లండన్‌లో పుట్టలేదు, మా రూఫస్ తప్ప. వెనక బస్సుంటే ఉందనేవాడు, లేకపోతే "ఇప్పట్లో రాదు, ఇంటికెళ్లి టీ తాగి రండి" అనేవాడు. దానికి జనం తిట్టుకునేవాళ్లు కూడా. అబద్ధమైనా తియ్యగా చెప్పొచ్చు కదా అని.

కుర్చీ చోట్లో కవలల బండి ఒకటి అడ్డంగా ఉంది. దాని వెనక యుస్తినా, ఆర్చర్డ్ కోర్ట్‌లో నాలుగో అంతస్తు పిల్ల. ఒడెట్‌ని చూడగానే ఆ పిల్ల మొహం ఎర్రబడింది.

"దిగిపోతాను ఆంటీ. మీరెక్కండి," అంది.

"నువ్వు దిగితే ఈ పక్కనున్న పదిమంది గాల్లోకి ఎగిరిపోతారా ఏమిటి? ఉండు, ఉండు. హాయిగా ఊరేగు."

"అలా అనకండి ఆంటీ. ఈ వారంలో రెండుసార్లు ఆలస్యమయ్యాను. ఇంకోసారైతే పనిలోంచి తీసేస్తారు. కారు కొనుక్కుందామంటే ఇల్లిచ్చేటప్పుడే వద్దని సంతకం పెట్టించుకున్నారు. నేనేం చెయ్యను చెప్పండి?"

ఒడెట్ చెయ్యి ఎత్తి ఆపింది. "నా కోపం నీ మీద కాదే తల్లీ. పో, నీ పని చూసుకో. నాకు కావలసినవాడు వేరే ఉన్నాడు. సాయంత్రం దొరుకుతాడు."

తలుపులు మూసుకున్నాయి. రూఫస్ టోపీ తీసి దులిపి మళ్లీ పెట్టుకున్నాడు. "పోనీలే, ఒడెట్," అన్నాడు.

"ఏంటి పోనిచ్చేది? నీ కాళ్లు పోనిచ్చాను, ఇంకా ఏం పోనివ్వాలి?" అని ఆవిడ కుర్చీ వెనక్కి తిప్పింది. అంత కోపంలో కూడా రాళ్ల మీద కుదుపు తగలకుండా తిప్పింది. ఆ లెక్క కట్టినవాడు మళ్లీ ఏ ఊళ్లోనూ ఏ లెక్కా కట్టకుండా చేస్తాను చూడు నోరీన్, వాడి బతుకు తెరువు వీధిలో పడేస్తాను చూడు, అని నా కొట్టు ముందు నిలబడి అంది. నేను వద్దనలేదు. నాకూ కడుపు మండిపోతూనే ఉంది.

సాయంత్రం హాలు నిండిపోయింది. మడత కుర్చీలు చాలక జనం గోడలకి ఆనుకుని నిలబడ్డారు. ఒక మూల టీ డ్రమ్ము, బిస్కెట్ల పళ్లెం. వేదిక మీద బరో ప్లానింగ్ కమిటీ అధ్యక్షురాలు హిలరీ బాస్కోంబ్, ఆవిడ పక్కన కట్టేవాళ్ల తరఫున ఇద్దరు, చివర్లో కినైర్డ్. నేను ఏ నక్కనో తోడేలునో ఊహించుకుని వెళ్లాను. తీరా చూస్తే పొడుగ్గా, సన్నగా, మోచేతుల దగ్గర అరిగిపోయిన స్వెట్టరు వేసుకుని, బడి పంతులులా ఉన్నాడు. మాటలో స్కాట్లాండ్ యాస. అందరికీ టీ అందిందా అని ఆయనే అడిగాడు. అది చూసి ఒడెట్ నా చెవిలో, "నటిస్తున్నాడు," అంది.

మేం రెండో వరసలో ఉన్నాం. నడవ పక్కన రూఫస్ కుర్చీ, వాడి పక్కన ఒడెట్, ఆవిడ పక్కన నేను. రూఫస్ సభకి రానన్నాడు. జనం జాలిగా చూస్తే వాడికి పడదు. ఒడెట్ బలవంతాన తీసుకొచ్చింది. ఈ కాళ్లు చూపించి, రేపు పొద్దున మా ఆయన్ని నువ్వే తోసుకుంటూ వచ్చి కొండ బస్సెక్కించు, చూస్తాను, అని నలుగురిలో సవాలు చెయ్యాలని ఆవిడ పథకం. రాత్రంతా అద్దం ముందు నిలబడి ఆ మాటలే వల్లె వేసిందట.

ఆ మాటలు వాడుకునే అవసరమే రాలేదు.

ముందు యుస్తినా లేచింది. "అయ్యా, మేం బస్సులెక్కలేకపోతున్నాం. మీ లెక్క తప్పు," అని మర్యాదగా రెండు ముక్కల్లో చెప్పి కూర్చుంది. కినైర్డ్ తలూపి మైకు అందుకున్నాడు.

"మీ కష్టం నాకర్థమైంది. కానీ నేను ఆఫీసులో కూర్చుని అంకెలు వేసే మనిషిని కాను. నేనే వచ్చాను. ఇక్కడికే, మీ రైజ్‌కే. అక్టోబరులో వారం పాటు, రోజూ పొద్దున రద్దీ వేళకి మీ బస్సెక్కాను. చాలా ఇష్టపడ్డాను ఆ ప్రయాణాన్ని." ఆయన నవ్వాడు, మంచి నవ్వే. "పై అంతస్తులో ముందు సీటు. కాళ్లు చాపుకుని, ఫ్లాస్కులో టీ తాగుతూ, ఎదురుగా నది కనిపిస్తుంటే మనుషుల్ని లెక్కపెట్టుకుంటూ వెళ్లాను. నిజం చెప్పాలంటే దిగబుద్ధి కాలేదు."

హాల్లో వెనక వరసల్లోంచి కిసుక్కున ఒక నవ్వు వినిపించింది. పక్కనే ఇంకొకటి. కినైర్డ్‌కి అర్థం కాక ఆయనా మొహమాటంగా నవ్వాడు.

ఒడెట్ లేచి నిలబడింది. గుట్ట కింద బడి వంటశాలలో ఆవిడ పదేళ్లుగా గరిటె తిప్పుతోంది. ఆ బడిపిల్లల్లో ఆవిడకి పేరు తెలియని పిల్ల లేదు.

"ఏ సీటన్నారు సార్?"

"పై అంతస్తులో, ముందు..."

"ముందు సీటు. పొద్దున. రద్దీ వేళ."

"అవునండీ."

"కాళ్లు చాపుకుని."

"అవును." ఈసారి ఆయన గొంతు కాస్త తగ్గింది. మనుషులు ఎందుకు నవ్వుతున్నారో తెలియనప్పుడు ఎవరికైనా తగ్గుతుంది.

"మీ ఒళ్లో ఎవరూ కూర్చోలేదా?"

"క్షమించండి?"

"మీ నెత్తి మీద ఎవరి బ్యాగూ పడలేదా? చిప్స్ పొట్లం పేలలేదా? 'తాతా లెగు, ఇది మా సీటు' అని ఎవరూ అనలేదా?" ఒడెట్ అప్పుడు హాలు వైపు తిరిగింది. "అమ్మలూ అయ్యలూ, నలభై ఏళ్లుగా ఈ గుట్ట మీద ఉంటున్నాను. పొద్దుటిపూట కొండ బస్సు పై అంతస్తు ముందు సీట్లో గడ్డం మొలిచిన మగాణ్ణి ఎవరైనా చూశారా? చేతులెత్తండి!"

హాలు పగలబడింది. ఒక్క చెయ్యీ లేవలేదు. గుట్ట కింద రెండు బడులున్నాయి. ఆ సీటు కోసం పదకొండేళ్ల పిల్లలు జుట్లు పట్టుకుంటారు. ఆ వేళకి పెద్దవాళ్లెవరూ మెట్లెక్కను కూడా ఎక్కరు, కింద నిలబడి దేవుణ్ణి తలుచుకుంటారు.

ఒడెట్ నవ్వడం లేదు. "సార్, ఆ వారమంతా బస్సులో బడి యూనిఫాం వేసుకున్న పిల్లని ఒక్కదాన్ని చూశారా?"

కినైర్డ్ పైకప్పు వైపు చూశాడు. గుర్తు చేసుకుంటున్నాడు. గుర్తొచ్చింది ఏమిటో మొహంలోనే తెలిసిపోయింది. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"లేదు," అన్నాడు.

"ఎందుకు లేదంటే, అది హాఫ్‌టర్మ్!" ఒడెట్ గొంతు హాలంతా మోగింది. "బళ్లకి సెలవులు! పిల్లలు పక్కల మీద పడి దొర్లుతున్నారు, తల్లులు పనికి సెలవు పెట్టి ఇంట్లో ఉన్నారు, బస్సులో ఈయన, ఈయన ఫ్లాస్కూ! ఆ లెక్క పట్టుకుని మూడేళ్లుగా మా పీకల మీద కూర్చున్నారు. ఆ లెక్క పట్టుకుని ఇంకో నాలుగు బ్లాకులట! మా చెవుల్లో పువ్వులు పెడదామని వచ్చారా?"

చప్పట్లు, ఈలలు, కాళ్లతో నేల తన్నడం. టీ డ్రమ్ము దగ్గరున్న ముసలావిడ పళ్లెం బల్లకేసి కొట్టింది. నేనూ లేచి అరిచాను. ఏమరిచానో గుర్తులేదు, ఇక్కడ రాయదగింది మాత్రం కాదు. ఒడెట్ మొహం అప్పుడు చూడాలి. పెళ్లిలో కూడా అంత వెలుగు లేదు ఆ మొహంలో. రూఫస్ ఒక్కడే నవ్వలేదు, అరవలేదు. కినైర్డ్ గొంతు విన్నప్పటి నుంచీ వాడు ఒళ్లో టోపీ నలుపుతూనే ఉన్నాడు. సభలంటే పడదు కదా, అందుకే అనుకున్నాను.

అధ్యక్షురాలు బల్ల మీద చేత్తో కొట్టి కొట్టి అందర్నీ కూర్చోబెట్టింది. "మిస్టర్ కినైర్డ్, ఇది నిజమేనా? సెలవుల వారంలో లెక్కపెట్టారా?"

"నిజమే అయ్యుండాలి." అన్నాడు ఆయన. "ఇప్పుడే తెలుస్తోంది నాకు. మేడమ్, నేను ఎడిన్‌బరో మనిషిని. మాకు అక్టోబరు సెలవులు నెల మధ్యలోనే అయిపోతాయి. అవి అయిపోయాకే చూసుకుని వచ్చాను. ఇక్కడ నెలాఖరుకి ఇస్తారని నాకు తట్టలేదు. నాకు పిల్లలు లేరు."

"అయ్యో పాపం!" అని ఎవరో వెక్కిరించారు.

"నేను ఆ వారమే రావాలని కూడా అనుకోలేదు," అన్నాడు కినైర్డ్. "అంతకు ముందు వారం వచ్చాను. స్టాపులో చాలా గందరగోళంగా ఉంది. లెక్కపెట్టే సామాను పట్టుకుని ఎక్కబోతుంటే డ్రైవరు నన్ను ఆపాడు. మంచి మనిషి. తన బన్నులో సగం తుంచి నాకిచ్చాడు. 'ఇవాళ నలిగిపోతారు సార్, వచ్చే వారం రండి, హాయిగా కూర్చుని లెక్కపెట్టుకోవచ్చు' అన్నాడు. ఊరి మనిషి చెప్పాడు కదా అని వెళ్లిపోయి, వచ్చే వారం వచ్చాను."

"ఏ డ్రైవరు? పేరేంటి?" ఒడెట్ అడిగింది. ఆ అడగడంలో ఇంకా గెలుపు ఉంది. "కథలు చెప్పకండి. మనిషిని చూపించండి!"

కినైర్డ్ ఆవిడ వైపు చూడలేదు. ఆవిడ పక్కకి చూశాడు.

"నేను లోపలికి వచ్చినప్పుడే పోల్చాను. అప్పుడు గడ్డం నల్లగా ఉండేది. మళ్లీ కలిసినందుకు సంతోషించాను కూడా." ఆయన మైకు దించేశాడు. మైకు లేకుండానే వినబడింది. "ఆయనే. ఆ కుర్చీలో ఉన్నాయన."

హాల్లో చప్పుడు ఎవరో స్విచ్చి తిప్పి ఆపేసినట్టు ఆగిపోయింది. అందరి తలలూ మా వరస వైపు తిరిగాయి. పొద్దున్నించీ వాడికి జాలి చూపులు పడవని కదా అనుకున్నాను. ఇప్పుడవి జాలి చూపులు కావు.

"మనవాడేనా?" అని ఒక గొంతు. "మన రూఫస్సే మన కొంప ముంచాడా?" అని ఇంకో గొంతు. అదే మనిషి అరనిమిషం క్రితం ఒడెట్‌కి ఈల వేశాడు. నాకు ఒళ్లు మండి వెనక్కి తిరిగి కళ్లెర్రజేశాను.

ఒడెట్ మెల్లగా కూర్చుంది. కూర్చుని రూఫస్ వైపు వంగింది. వాళ్లిద్దరి మాటా నాకు తప్ప ఎవరికీ వినిపించలేదు. నాకు మాత్రం స్పష్టంగా వినిపించింది.

"నువ్వేనా?"

"నేనే, ఒడెట్. మర్చిపోయాను. ఆయన గొంతు విన్నాక గుర్తొచ్చింది." రూఫస్ ఆవిడ మొహంలోకి చూడలేకపోతున్నాడు. "మొహం పీక్కుపోయి ఉన్నాడు. పిల్లలు తొక్కేస్తున్నారు. ఎందుకొచ్చాడో నేను గుచ్చి అడగలేదు, ఏదో లెక్కలన్నాడు. పాపం పరాయి ఊరివాడు కదా అని..."

"సెలవులని చెప్పావా?"

వాడు ఒళ్లో టోపీని అటూ ఇటూ తిప్పాడు.

"రూఫస్. వచ్చే వారం బళ్లకి సెలవులు, అందుకే ఖాళీగా ఉంటుంది. ఈ మాట వాడికి చెప్పావా, లేదా?"

"లేదు," అన్నాడు రూఫస్. "అందరికీ తెలిసిందే కదా అనుకున్నాను. నోటికే రాలేదు."

వేదిక మీద కట్టేవాళ్ల తరఫు మనిషి అధ్యక్షురాలి చెవిలో ఏదో చెబుతున్నాడు. ఇందాక మాడిపోయిన వాడి మొహంలోకి మళ్లీ రంగొచ్చింది. ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. చెడ్డ మనిషేం కాదు, కానీ ఏ మాటైనా తూచి గానీ వదలదు.

"మిసెస్ ప్రైస్, ఒక్క విషయం తేలాలి. అవి సెలవు రోజులని తెలిసి కూడా మిస్టర్ కినైర్డ్ లెక్కపెట్టి ఉంటే అది మోసం. ఆ లెక్కలు చెల్లవు, వాటి మీద నిలబడ్డ ఈ దరఖాస్తూ చెల్లదు. మొత్తం కొట్టేయమని కమిటీకి నేనే చెబుతాను. ఆయన సంగతి ఆయన వృత్తి సంఘం చూసుకుంటుంది. తెలియక చేసి ఉంటే మాత్రం పొరపాటు. సవరణ ఒకటి జతచేస్తారు, దరఖాస్తు ముందుకు వెళుతుంది." ఆవిడ ముందున్న కాగితాలు పక్కకి జరిపింది. "పైగా స్థానికుడి సలహా మీద జరిగిన పొరపాటు. కాబట్టి అడుగుతున్నాను. మీ ఆయన ఈయనకి సెలవులని చెప్పారా?"

మైకు ఒడెట్ చేతిలోకి వచ్చింది. ఎవరిచ్చారో నేను చూడలేదు, ఆవిడ మొహమే చూస్తున్నాను.

ఆవిడ లేచింది. కినైర్డ్ ఎదురుగా నిలబడి ఉన్నాడు, చేతులు కిందకి వేలాడేసుకుని, ఆవిడ ఏం చెబుతుందోనని ఏ మాత్రం భయం లేకుండా. ఎందుకు భయం? చెప్పలేదని ఆయనకి తెలుసు కదా. నిజం ఎలాగూ బయటికొస్తుందని నమ్మిన మనిషి నిలబడే తీరులో నిలబడ్డాడు. ఆ తీరే ఒడెట్‌కి పుండు మీద కారం అయిందని నాకనిపిస్తుంది. వీడు పొరపాటు చేశానంటాడు, సవరణ జతచేస్తాడు, రైలెక్కి ఎడిన్‌బరో వెళ్లి తన కుర్చీలో కాళ్లు చాపుకుంటాడు. ఈ గుట్ట మీద మాత్రం రూఫస్ బస్‌స్టాపులో తడుస్తూ కూర్చుంటాడు. ఇంకో నాలుగు బ్లాకులు లేస్తాయి, చూసే ప్రతివాడూ రూఫస్ వల్లే అనుకుంటూ పోతాడు. ఆవిడ చూపు కినైర్డ్ బూట్ల మీద పడింది. మోకాళ్ల మీదికి పాకి, అక్కడే ఆగింది. రెండు కాళ్ల మీద నిక్షేపంగా నిలబడ్డ మనిషిని ఎవరైనా అలా చూడగా నేను మళ్లీ చూడలేదు.

"చెప్పాడు," అంది ఒడెట్.

హాల్లో ఎవరో ఊపిరి గట్టిగా పీల్చారు.

"మా ఆయన చెప్పాడు. సెలవులు సార్, పిల్లలుండరు, అది అసలు లెక్క కాదు, అని కూడా చెప్పాడు. ఈయనకి కావలసింది కూడా అదే. ఖాళీ బస్సు కావాలి ఈయనకి. అందుకే వచ్చాడు. తెలిసే వచ్చాడు!"

"అబద్ధం!" కినైర్డ్ గొంతు చీలిపోయింది. "మేడమ్, ఇది అబద్ధం! ఆయన ఆ మాట అనలేదు! అమ్మా, మీకు నేనేం చేశాను?"

"ఏం చేశావా?" ఒడెట్ మైకుని నోటికి ఆనించేసింది. "నేనేం చేశానని అడుగుతున్నాడర్రా!"

ఇక ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఒకరొకరే లేచారు, తరవాత అందరూ లేచారు. మోసం, మోసం అని ఒకటే అరుపు. ఇందాక రూఫస్‌ని అన్నవాడే ఇప్పుడు అందరికన్నా ముందు బల్ల దగ్గరికి దూకాడు. యుస్తినా రెండు చేతుల్తో నోరు మూసుకుని ఏడుస్తోంది, సంతోషంతోనే. కట్టేవాళ్ల తరఫు మనిషి కినైర్డ్ పక్కనించి తన కుర్చీ జరుపుకుని దూరంగా కూర్చున్నాడు. ఒక్క మాటతో కినైర్డ్ ఒంటరివాడైపోయాడు.

నాకు నిజం తెలుసు. నా చెవులతో విన్నాను. లేచి చెప్పాలా అంటారా? చెప్పను. ఆస్పత్రి క్లాసులో పేరు కొట్టేసిన రోజు రూఫస్ వంటింట్లో తలుపు వేసుకుని ఎలా ఏడ్చాడో గోడ అవతల మా ఇంట్లోంచి విన్న చెవులు కూడా ఇవే. నేను నోరు కట్టేసుకుని కూర్చున్నాను.

అధ్యక్షురాలు నిలబడే దాకా గోల తగ్గలేదు. ఆవిడ కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, ఒడెట్‌ని దాటి, నేరుగా రూఫస్ వైపు చూసింది.

"మిసెస్ ప్రైస్, మీరు చెప్పింది మీరు విన్న మాట. అన్న మనిషి ఇక్కడే ఉన్నారు. మిస్టర్ ప్రైస్, మీ నోటితో వినాలి. దయచేసి మైకు ఆయనకివ్వండి."

ఒడెట్ కదల్లేదు. వెనక్కి తిరిగి మొగుడి వంక చూసింది. ఆ చూపులో బతిమాలడం ఉంది, బెదిరింపూ ఉంది. అవును అను చాలు, ఒక్క అవును. ఎదురుగా కినైర్డ్ కూడా రూఫస్‌నే చూస్తున్నాడు, తనకి బన్ను తుంచి పెట్టిన మనిషిని చూసినట్టే. మధ్యలో రూఫస్ ఒక్కడు. ఒళ్లో టోపీని గట్టిగా పట్టుకున్నాడు. వేలి కణుపులు తెల్లగా కనిపిస్తున్నాయి.

"ఒడెట్," అన్నాడు, చెయ్యి చాపి. "ఇటివ్వు."

ఆవిడ మైకుని రెండు చేతుల్తో గుండెకి అదుముకుంది.